యంత్రంతో మమ అనిపిస్తే

‘ఇప్పుడున్న కృత్రిమ మేధ అప్పుడే ఉండివుంటే సత్యం కుంభకోణం జరిగేదే కాదు’ అన్న మాట హైదరాబాద్ సదస్సుల్లో వినబడుతోంది. అనేవారిలో ఆ సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవారున్నారు, దాన్ని కొనిపించడానికి తమ యాజమాన్యాన్ని ఒప్పించుకోవాల్సినవారూ ఉన్నారు. ఎవరి వ్యాపారం వారిది, తప్పు పట్టనక్కర్లేదు. కానీ మన నగరంలో పుట్టి, మన కళ్ల ముందే కూలిన కంపెనీ మీద ఇంత తేలిగ్గా తీర్పు చెప్పేస్తుంటే ఆ పాత కాగితాలను ఒకసారి తిరగేయాలనిపిస్తుంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి.రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖలో, దిగితే తినేస్తుందన్న పులి స్వారీ మాట అందరికీ గుర్తుంది. అంకెలే మరుగున పడ్డాయి. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. వడ్డీ కింద రావాల్సి ఉందని చూపిన 376 కోట్లూ లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో 2,700 కోట్ల ఆదాయం మీద 649 కోట్ల నిర్వహణ లాభం వచ్చిందన్నారు. నిజానికి ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. లోకానికి చెప్పింది 24 శాతం, చేతికి దక్కింది 3 శాతం.

ఈ గారడీని యంత్రం పట్టేసేదా? కొంత మేరకు, నిస్సందేహంగా. దర్యాప్తులో బయటపడిన తీరు చూడండి. కంపెనీ బిల్లుల వ్యవస్థలోకి ‘సూపర్ యూజర్’ అనే దొడ్డిదారి ఒకటి ఉండేది. అందులోంచి 7,561 దొంగ ఇన్‌వాయిసులు చొప్పించారు. వాటి విలువ 5,117 కోట్లు. మామూలు బిల్లు పక్కన ‘ఎస్’ అనే అక్షరం ఉంటే, వీటి పక్కన ‘హెచ్’ ఉండేది. చూపించు, దాచు అన్నంత సాదాసీదా ఏర్పాటు. ‘హెచ్’ పడిన బిల్లు లెక్కల్లోకి ఎక్కుతుంది, కంపెనీలోని మిగతా విభాగాలకు మాత్రం కనబడదు. ఏ ప్రాజెక్టు పేరున బిల్లు వేశారో ఆ ప్రాజెక్టు చేసినవారికే దాని సంగతి తెలియదన్నమాట.

ఇలాంటిది నేటి యంత్రాలకు చిటికెలో పని. బిల్లు ఉంది, దాని వెనక పని గంటల చిట్టా ఏదీ? కొనుగోలుదారు ఆర్డరు ఏదీ? బిల్లు పంపిన మెయిల్ ఏదీ? ఏడున్నర వేల కాగితాలను ఒకదానితో ఒకటి సరిచూడటం మనుషులకు నెలల చాకిరీ, యంత్రానికి సాయంత్రానికల్లా అయిపోయే లెక్క. చట్టం కూడా తన వంతు చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ప్రతి కంపెనీ వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఏర్పాటు ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఆనాటి ‘హెచ్’ అక్షరం ఈనాడైతే తన అడుగుజాడను వదిలే ఉండేది. ఈ మేరకు సదస్సుల వక్తలు చెప్పేది నిజమే.

అయితే అదే లేఖలోని 24 శాతం దగ్గర కాసేపు ఆగాలి. ఆ అంకె ఎవరి కంటికీ ఎబ్బెట్టుగా కనబడలేదు. మన పెద్ద ఐటీ కంపెనీలన్నీ ఆ రోజుల్లో మంచి లాభాలు చూపుతున్నవే. సత్యం వాటి సరసన ఒద్దికగా కూర్చుంది. అసాధారణాన్ని పసిగట్టేలా తయారుచేసిన యంత్రం మందలోంచి తప్పిపోయినదాన్ని పట్టుకుంటుంది. మందలో కలిసిపోవడానికే కట్టిన లెక్కను అది ఏమని పట్టుకోవాలి? నిజమైన 3 శాతాన్నే ధైర్యంగా చూపించి ఉంటే బహుశా ఎర్ర దీపం అప్పుడే వెలిగేది!

రెండో చిక్కు ఇంకా మొరటైనది. బ్యాంకులో నిజంగా డబ్బుందా అని ఆడిటరు బ్యాంకునే నేరుగా అడగాలి, జవాబు నేరుగా తనకే రావాలి. ఇది ఆడిట్ పనిలో ఓనమాలు. సత్యం ఆడిటర్లు ఆ ఉత్తరాల పంపకాన్నీ రాబట్టుకోవడాన్నీ కంపెనీ చేతిలోనే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. ఆ ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత విభాగాలపై 2011లో మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా పడింది. దొంగ చేతికి తాళాలిచ్చి, తలుపు గట్టిదని మురిసిపోయినట్లయింది. అలాంటి ఉత్తరాలనే ఇవాళ కృత్రిమ మేధకు చదవడానికి ఇస్తే అది తప్పుల్లేకుండా చదువుతుంది, మొత్తాలు సరిపోయాయని చెబుతుంది. అంతకంటే దాని చేతిలో ఏముంది? పైగా, నాడు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదును ఫోర్జరీ చేయడానికి ఎవరో ఒకరు కూర్చుని శ్రమపడాల్సి వచ్చింది. నేడు బ్యాంకు ముద్ర, మేనేజరు సంతకం, మడత నలుగుడుతో సహా తయారుచేసిపెట్టేది కూడా ఈ మేధే. కనిపెట్టే చేయీ కల్పించే చేయీ ఒకే బడిలో చదువుకుంటున్నాయి.

ఇంతకూ సత్యంలో సమాచారం కరవై జరిగిందేమీ లేదు. 2008 డిసెంబరులో జోసెఫ్ అబ్రహాం అనే మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు మెయిల్ వచ్చింది. నిల్వల్లో డబ్బు లేదన్న సంగతి అందులో ఉంది. అది చేరాల్సిన చోటికే చేరింది, అక్కడినుంచి చేతులు మారుతూ పోయింది. అదే నెల 16న, రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకొచ్చింది. ఆ బల్ల చుట్టూ ఉన్నవారు సామాన్యులు కారు. హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఐటీ మాజీ డైరెక్టర్, పెంటియం చిప్‌తో పేరుపడిన ఇంజనీరు ఆ బోర్డు సభ్యులు. ప్రశ్నలు రాలేదని కాదు. వచ్చాయి, చివరకు ఏకగ్రీవమూ అయింది. తెల్లవారేసరికి ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకునేలా చేసింది మదుపరుల ఆగ్రహం. అన్నట్టు, అదే ఏడాది సెప్టెంబరులో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకుగాను ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఆ తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న యంత్రం పట్టేదా లేదా అన్నది కాదేమో. పట్టి, తెరమీద ఎర్ర దీపం వెలిగిస్తే ఆ గదిలో ఎవరు ఏం చేసేవారు?

సత్యం కూలిన నగరంలోనే నేడు అంతర్జాతీయ బ్యాంకుల నిబంధనల కాపలా పెద్దయెత్తున సాగుతుండటం కాకతాళీయమే కావచ్చు. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడల్లోని అద్దాల మేడల్లో వేలాది తెలుగు పిల్లలు షిఫ్టులవారీగా చేసే పని ఇది. ఎక్కడో అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక ఖాతాలో డబ్బు కదులుతుంది. సాఫ్ట్‌వేర్‌కు అనుమానం వచ్చి ‘అలర్ట్’ లేపుతుంది. ఆ అలర్టును ఇక్కడి ఉద్యోగి తెరిచి, పూర్వాపరాలు చూసి, మూసేయాలో పైకి పంపాలో తేల్చి, ఎందుకో నాలుగు వాక్యాలు రాయాలి. వచ్చే అలర్టుల్లో ఎక్కువ భాగం ఉత్తుత్తివే. రోజంతా ‘నాన్నా పులి’ కేకలు వింటూ కూర్చున్నవారికి నిజమైన పులి వచ్చిననాడు చెవి పనిచేయకపోవచ్చు. ఇక్కడ కృత్రిమ మేధ చేస్తున్న మేలు మాటవరసకు చెప్పుకొనేది కాదు. గూగుల్ తయారుచేసిన వ్యవస్థను వాడిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకులో అలర్టుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గిందనీ, నిజంగా అనుమానించదగ్గవి రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా దొరికాయనీ 2023లో ఆ సంస్థలు ప్రకటించాయి. మన రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ రూపొందించిన ‘మ్యూల్ హంటర్’ కూడా సైబర్ మోసగాళ్లు అద్దెకు తీసుకునే ఖాతాలను వెదికిపట్టడానికి ఉద్దేశించినదే. దోచుకున్న సొమ్ము అలాంటి ఖాతాల మీదుగానే జారిపోతుంది గనుక, పోగొట్టుకున్న పింఛనుదారుడికి ఆ వేగం ఎంతో కొంత రక్ష.

ఇక ఒక అలర్టును దగ్గరగా చూద్దాం. ఊహించుకున్నదే, కానీ అసాధ్యమైనది కాదు. డాలస్‌లోని ఒక ఖాతాకు ప్రతి నెలా 5వ తేదీకి కాస్త అటూఇటూగా ఇరవైమంది తలా వెయ్యి డాలర్లు పంపుతున్నారు. రెండు మూడు రోజుల్లో ఆ మొత్తం దాదాపుగా ఒకే వ్యక్తికి వెళ్లిపోతోంది. నెలనెలా ఆ వ్యక్తి మారుతున్నాడు. యంత్రం దృష్టిలో ఇది అచ్చంగా అద్దె ఖాతా నడక. నానక్‌రామ్‌గూడలో కూర్చున్న మన అమ్మాయి పంపినవారి ఇంటిపేర్లు చూస్తుంది, తేదీ చూస్తుంది, ఈ నెల అందుకున్నాయనకు మొత్తంలో కొంత కోత పడటం చూస్తుంది. ‘అరె, ఇది చిట్టీ పాట కదా’ అనుకుంటుంది. వాళ్లమ్మ నరసరావుపేటలో వేసేది ఇలాంటిదే. అంతమాత్రాన ఆ అమ్మాయి ఫైలు మూసేయకూడదు. అమెరికా చట్టం కళ్లకు ఆ చిట్టీ ఎలా కనిపిస్తుందో అది వేరే విచారణ. అయినా ఇప్పుడు తన దగ్గర ఒక అర్థం ఉంది, అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలుసు. ఖాతాదారుణ్ని దొంగగా కాకుండా చిట్టీ నడిపే మనిషిగా విచారించమని నాలుగు వాక్యాలు రాయగలదు.

ఇప్పుడా నాలుగు వాక్యాలను కూడా యంత్రమే రాసిపెడుతోంది. చక్కగా, వ్యాకరణ దోషం లేకుండా, ‘లభ్యమైన సమాచారాన్ని సమగ్రంగా పరిశీలించిన మీదట’ అంటూ. పక్కనే ‘ఆమోదించు’ అనే బొత్తాం ఉంటుంది. గంటకిన్ని ఫైళ్లు తేల్చాలన్న లెక్క నెత్తిమీద ఉన్నప్పుడు, అంత నిండుగా రాసి ఉన్న కాగితాన్ని పట్టుకుని ‘ఆగు, నాకెందుకో ఇది నచ్చలేదు’ అనడానికి ఎంత ఓపిక కావాలి! తప్పుడు తడకలుగా రాసిన నివేదికను అనుమానించడం మనకు అలవాటే. సొంపుగా రాసినదాన్ని అనుమానించడం ఎవరూ నేర్పలేదు. పైవాడు కిందివాడు చూశాడని సంతకం పెడతాడు, కిందివాడు యంత్రం చూసిందని బొత్తాం నొక్కుతాడు. అందరూ చూసినట్టే ఉంటుంది.

ఇలా చూసినట్టే ఉన్న నివేదిక ఒకటి ఆస్ట్రేలియాను ఆ మధ్య నవ్వులపాలు చేసింది. నిరుద్యోగ భృతి పొందేవారు షరతులు పాటిస్తున్నారో లేదో చూసి, పాటించనివారిపై చర్యలు తీసుకునే వ్యవస్థను సమీక్షించమని అక్కడి ప్రభుత్వం డెలాయిట్‌కు సుమారు 4.4 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పని అప్పగించింది. 2025లో వెలువడిన ఆ నివేదికలో ఎవరూ రాయని పరిశోధనలు ఉన్నాయి. ఫెడరల్ కోర్టు తీర్పులో లేని మాటను ఉన్నట్టుగా ఉటంకించారు కూడా. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక అధ్యాపకుడు చదివి, ఇదేమిటని అడిగేదాకా ఎవరికీ పట్టలేదు. సవరించిన ప్రతిలో కృత్రిమ మేధను వాడామన్న ముక్క చేర్చారు, రుసుములో కొంత వెనక్కిచ్చారు. నిబంధనల పాటింపు మీద నివేదికకే ఈ గతి పట్టడం విధి ఆడిన చమత్కారం అనుకోవాలి. మన దేశంలోనూ, అసలు లేని తీర్పులను ఉదహరించిందన్న కారణంగా బెంగళూరులోని ఆదాయపన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్ తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

బాధ్యత ఎవరిది అన్నచోట చట్టం నెమ్మదిగానైనా సూటిగానే మాట్లాడుతోంది. తమ చాట్‌బాట్ ప్రయాణికుడికి తప్పు సమాచారమిస్తే, అది వేరే చట్టబద్ధ వ్యక్తి, దాని మాటలకు అదే బాధ్యురాలు అన్నట్లుగా వాదించి చూసింది ఎయిర్ కెనడా. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఆ వాదాన్ని తోసిపుచ్చి పరిహారం కట్టించింది. మన సెబీ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి, మార్కెట్ మధ్యవర్తులు వాడే కృత్రిమ మేధ తాము తయారుచేసుకున్నదైనా బయట కొన్నదైనా దాని ఫలితాలకు వారే జవాబుదారీ అని చెప్పింది. పుష్పక్ భట్టాచార్య అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ అదే ఏడాది ఆగస్టులో 26 సిఫార్సులు చేసింది. ప్రతి ఆర్థిక సంస్థకూ బోర్డు ఆమోదించిన కృత్రిమ మేధ విధానం ఉండాలన్నది వాటిలో ఒకటి. మంచిదే. అయితే ‘బోర్డు ఆమోదించిన విధానం’ అన్న మాట వినగానే కాస్త బెంగ కూడా కలుగుతుంది. సత్యం బోర్డు ఆమోదించినవి తక్కువేమీ కావు.

బోర్డు గదిలోకే వెళదాం. సమావేశానికి వారం ముందు డైరెక్టరుకు వచ్చే కాగితాల కట్ట వందల పేజీలుంటుంది. నాలుగైదు బోర్డుల్లో ఉన్నవారు ఇదివరకైనా అన్నీ చదివేవారని నమ్మేంత అమాయకులం కాము. విమానంలో తిరగేసేవారు, ముఖ్యమైన చోట మడత పెట్టుకునేవారు. ఇప్పుడు ఆ కట్టను యంత్రానికిస్తే రెండు పేజీల్లో సారం వస్తుంది. సారంలో ముఖ్యమైనవన్నీ ఉంటాయి. కానీ కంపెనీల మోసాలు ముఖ్యమైన పేజీల్లో కాపురం ఉండవు. సంబంధిత పక్షాలతో లావాదేవీల పట్టికలో, ఫుట్‌నోట్ అడుగున, నిరుటి వరుసకూ ఈ ఏటి వరుసకూ మారిన ఒక పేరులో ఉంటాయి. వెదుకుతున్నదేమిటో తెలిసినవాడు అడిగితే యంత్రం ఆ వరుసను కూడా క్షణంలో తీసిస్తుంది. సారం చాలనుకున్నవాడికి సారమే ఇస్తుంది.

ఆ తర్వాతిది మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసే సంగతి. ఇది కంపెనీ సెక్రటరీల ఇలాకా, బయటివారికి విసుగు పుట్టించేది. అయినా కాస్త చెప్పుకోవాలి. సమావేశమైన 15 రోజుల్లో చిత్తుప్రతి సభ్యులకు పంపాలి, 30 రోజుల్లో పుస్తకంలోకి ఎక్కించాలి. తీర్మానాన్ని కాదన్నవారి పేరూ, ఒప్పుకోనివారి పేరూ రాయాలని కంపెనీల చట్టంలోనే ఉంది. ఈ చిత్తుప్రతిని వీడియో సమావేశాన్ని విన్న యంత్రమే తయారుచేసే పద్ధతి మొదలైంది. ‘సుదీర్ఘ చర్చ అనంతరం ఆమోదించడమైనది’ అని అది ఎంతో మర్యాదగా రాస్తుంది. ఒక డైరెక్టరు ధర సంగతి రెండుసార్లు అడిగి, ‘సరే, మీరందరూ అంటున్నారు కాబట్టి’ అని ఊరుకున్నాడనుకోండి. అది ఒప్పుకోలా, ఒప్పుకోలేకపోవడమా? మంచి కంపెనీ సెక్రటరీ అక్కడ కలం ఆపి ‘సార్, మీ అభ్యంతరం నమోదు చేయమంటారా?’ అని అడుగుతాడు. అలా అడగడం వల్ల చైర్మన్ మొహం చిట్లించుకుంటే చిట్లించుకోవచ్చు, ఇంక్రిమెంటు పోతే పోవచ్చు. యంత్రానికి ఇంక్రిమెంటు బెడద లేదు కదా, అదే నిర్భయంగా అడుగుతుంది కదా అనవచ్చు. అడిగేలా దాన్ని అమర్చవచ్చు కూడా. అయితే అమర్చమని చెప్పేది ఎవరు? ఆ చైర్మన్ గారే.

మెత్తగా సాగాల్సిన చోట ఇలా అనుమానాలు పోగేస్తున్నామనిపిస్తే పాఠకులు మన్నించాలి. యంత్రం మీద మాకు పేచీ లేదు. అది వచ్చాక మనుషులకు మిగిలే పని తక్కువేమీ కాదన్నదే మా మాట. కాగితం తెచ్చిపెట్టడం దాని పని. ఆ కాగితం పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్లడం, కుర్చీ లాక్కుని కూర్చోవడం, నచ్చని మాట అనడం, అన్నందుకు పడేది పడటం ఇప్పటికీ ఒంటి మీద చర్మం ఉన్నవారే చేయాలి.

అలాంటివారు ఎక్కడ తయారవుతారన్నది మాకున్న అసలు దిగులు. చార్టర్డ్ అకౌంటెన్సీలో ఆర్టికల్స్ అనే శిక్షణ చేసిన ఎవరినైనా అడగండి. మొదటి ఏడాదంతా వోచింగే. ఏ ఊరి రైసు మిల్లులోనో మందుల డిస్ట్రిబ్యూటరు గొడౌనులోనో కూర్చుని, ఒక్కో వోచరూ తీసి, పద్దుతో పోల్చి, ఆకుపచ్చ పెన్నుతో టిక్కు కొట్టడం. చదువుకున్నవాడికి ఇంతకంటే విసుగు పని లేదు. కానీ ఆ విసుగులోనే, వరసగా మూడు డీజిల్ బిల్లులు ఒకే చేతిరాతలో ఉన్నాయేమిటి, లారీ కాకినాడ వెళ్లిందంటున్న రోజున డ్రైవరు బేటా ఇక్కడెందుకు తీసుకున్నాడు అని కన్ను పడటం మొదలవుతుంది. ‘ఏమోయ్, టిక్కు కొట్టావు సరే, చూశావా?’ అనే సీనియరు పక్కన ఉంటాడు. ఆ పనిని ఇప్పుడు యంత్రం మొత్తంగా తీసేసుకుంటోంది. 2023 జులై నుంచి ఆర్టికల్స్ కాలం కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. రేపు యంత్రం ఇచ్చిన జవాబును సరిచూడాల్సిన సీనియర్లు, నేడు ఒక్క వోచరునైనా చేత్తో పట్టుకోని పిల్లల్లోంచే రావాలి.

ఈ దిగులు తీరడానికి పెద్ద కమిటీలేమీ అక్కర్లేదు. యంత్రం ‘సరే’ అన్న ఫైళ్లలోంచి ప్రతి నెలా కొన్నింటిని చీటీ తీసినట్లు తీసి, యంత్రం ఏమందో చెప్పకుండా కుర్రవాళ్ల చేతికిచ్చి మొదటినుంచీ చూడమనవచ్చు. ఆడిట్ సంస్థలకూ, గచ్చిబౌలి మేడలకూ, బ్యాంకులకూ ఇది చేయగలిగిన పనే. ఇద్దరి జవాబులూ కలవని చోట ఎవరిది తప్పో కూర్చుని తేల్చుకుంటే ఇద్దరూ నేర్చుకుంటారు. దీనికి గంటలు ఖర్చవుతాయి. గంటలు మిగులుతాయనే కదా కంపెనీలు ఈ యంత్రాన్ని కొన్నది. కాబట్టి ఆ ఖర్చు పద్దును ఎవరి పేరున రాయాలన్న బేరం ముందుగా ఆడిట్ కమిటీల దగ్గరే మొదలు కావాలి, ఈ బడ్జెట్ సంవత్సరంలోనే.